దూడకు పారుడు: ఎలుకల బోనా, కొట్టం శుభ్రమా?

దూడ పారుకుంటోంది, కొట్టంలో ఎలుకలున్నాయి. డబ్బు ముందు దేనిమీద పెట్టాలన్నది పేగులో ఏ పరాన్నజీవి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పేడ పరీక్ష చేయించండి.

ఐమీరియా (రక్తపారుడు): ఎలుకల ఐమీరియా జాతులు వేరు, దూడలవి వేరు. ఒకదానిది ఇంకోదానికి అంటదు, మనుషులకూ అంటదు. సాధారణంగా మూడు వారాలు దాటాక కనిపిస్తుంది. పేడలో పడ్డాక అంటుకునే స్థితికి రావడానికి తేమ, కొన్ని రోజుల సమయం కావాలి. ఆంప్రోలియం లాంటి మందులున్నాయి.

క్రిప్టోస్పోరిడియం పార్వం: దూడ, ఎలుక, మనిషి, ఎవరినీ వదలదు. పుట్టిన నెలలోపే ఎక్కువ. బయటపడ్డ క్షణం నుంచే అంటుతుంది. బ్లీచింగ్‌కు లొంగదు, బాగా ఆరితేనో మరిగే నీళ్లకో చస్తుంది. కచ్చితంగా నయం చేసే మందు లేదు, నీళ్లు, లవణాలు పట్టిస్తూ నిలబెట్టుకోవాలి. నాకు టెన్షన్ దీంతోనే: దూడను ముద్దుచేసిన పిల్లలు అదే చేత్తో అన్నం తింటారు. మామూలు పరీక్షలో తేలిగ్గా దొరకదు, ప్రత్యేక రంగు వేసి చూడమనాలి.

ఐమీరియా తేలితే రోజూ పేడ తీసి గచ్చు ఆరబెట్టండి, బోనులు తర్వాత. క్రిప్టో తేలితే జబ్బు దూడను వేరుగా కట్టి, దాణాకు మూతపెట్టి, ఎలుకల పని కూడా ఆ రోజే మొదలుపెట్టండి.