వర్చువల్ మెషీన్‌లో చోటు చాలకపోతే: ఉన్న డిస్క్‌ను పెంచాలా, ఇంకోటి తగిలించాలా?

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను (అదే వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు లైనక్స్ పెట్టుకునేటప్పుడు డిస్క్ సైజు దగ్గర 25 జీబీ అని కనిపిస్తుంది. సరిపోతుందిలే అని నెక్స్ట్ కొట్టేస్తాం. నేనూ అంతే. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి టెస్ట్ డేటాబేస్‌లోకి డంప్ (ఇంకో డేటాబేస్ కాపీ ఫైల్) ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయి ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంది. పొద్దున్నే డెమో. ఉన్న డిస్క్‌ను పెంచడమా, పక్కన ఇంకో డిస్క్ తగిలించడమా? ఆ రాత్రి టెన్షన్‌లో మొదటిది పట్టుకున్నాను, రెండు గంటలు తినేసింది. ఇప్పుడైతే రెండోదే చేస్తాను. అది పావుగంట పని.

ఈ రెండిట్లో ఏదో ఒకటి మొదలుపెట్టే ముందు, డిస్క్ నిజంగా నిండిందో లేదో చూసుకోవాలి. డీఎఫ్ కమాండ్ ఫైల్‌సిస్టమ్ ఎంత ఉందో చెబుతుంది, ఎల్ఎస్‌బ్లాక్ డిస్క్ ఎంత ఉందో చెబుతుంది. ఆ రెండు అంకెలూ కలవకపోతే చోటు ఉండీ వాడుకోవడం లేదన్నమాట. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ దీనికి పెట్టింది పేరు. డిస్క్ చోటును భాగాలుగా పంచే ఎల్‌వీఎంను డిఫాల్ట్‌గా వదిలేస్తే, 100 జీబీ డిస్క్ ఇచ్చినా సిస్టమ్ ఉండే రూట్‌కి దాదాపు సగమే కేటాయించి మిగతాది ఖాళీగా ఉంచుతుంది. అలాంటప్పుడు ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కి చిన్న ఆర్ ఆప్షన్ జోడించి ఒక్కసారి నడిపితే ఫైల్‌సిస్టమ్‌తో సహా పెరుగుతుంది, మెషీన్ ఆపే పని కూడా లేదు. ఇంకో మాయ కూడా ఉంది. ఏదో సర్వీస్ పట్టుకుని కూర్చున్న పెద్ద లాగ్ ఫైల్‌ను మనం డిలీట్ చేస్తాం. పేరు పోతుంది గానీ, ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసేదాకా చోటు మాత్రం తిరిగి రాదు.

ఇవేవీ కావు, నిజంగానే నిండింది అనుకుందాం.

ఉన్న డిస్క్‌ను పెంచడమంటే

వినడానికి ఒక్క పనిలా ఉంటుంది గానీ ఇందులో మూడు పొరలు ఉన్నాయి. హోస్ట్‌లో (అంటే మన అసలు కంప్యూటర్‌లో) ఉండే డిస్క్ ఫైల్, దాని లోపల పార్టిషన్ అనే భాగం, దాని లోపల ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్. పక్క స్థలం కొన్నంత మాత్రాన ఇల్లు పెద్దదవదు కదా. ముందు ప్రహరీ జరపాలి, తర్వాత గది గోడ జరపాలి. చాలామంది మొదటి పొర పెంచేసి, లోపల అదే పాత 25 జీబీ కనిపిస్తుంటే తల పట్టుకుంటారు.

మొదటి పొర తేలికే. ఇప్పటి వర్చువల్‌బాక్స్‌లో వర్చువల్ మీడియా మేనేజర్‌లో స్లయిడర్ జరిపితే చాలు. కమాండ్‌తో చేసేవాళ్లు సైజు ఎంబీల్లో ఇవ్వాలని గుర్తుంచుకోవాలి. 60 జీబీ కావాలంటే 61440. తొందరలో 60 అని కొడితే డిస్క్‌ను చిన్నది చేయడం కుదరదని ఎర్రర్ ఇస్తుంది. అది వీడీఐ, వీహెచ్‌డీ రకం డిస్క్ ఫైళ్ల సంగతి. వీఎంవేర్ రకమైన వీఎండీకే అయితే ముందు వీడీఐగా క్లోన్ చేసుకోవడం మేలు.

నేను ఇరుక్కున్నది స్నాప్‌షాట్ల దగ్గర. ఆ మెషీన్‌కి మూడు స్నాప్‌షాట్లు (కావాలంటే వెనక్కి వెళ్లడానికి దాచుకున్న పాత స్థితులు) ఉన్నాయి. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి కొత్త రాతలన్నీ వేరే ఫైల్‌లోకి వెళ్తాయి, మెషీన్ నడిచేది ఆ ఫైల్ మీదే. నేను పెంచింది అడుగున ఉన్న అసలు డిస్క్‌ను. మేనేజర్‌లో 60 అని చూపిస్తోంది, ఉబుంటు మాత్రం 25 అంటోంది. రెండుసార్లు రీబూట్ చేశాను, ఏం లాభం! చివరికి స్నాప్‌షాట్లు ఒక్కొక్కటీ తీసేసి, అవి కలిసిపోయేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ కలిపే పనికి హోస్ట్‌లో ఖాళీ కావాలి, నా ల్యాప్‌టాప్‌లో అదీ అంతంతమాత్రమే. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఈ విషయంలో నయం. స్నాప్‌షాట్లు ఉంటే అసలు పెంచనే పెంచదు, మొహం మీదే చెప్పేస్తుంది.

రెండో పొరలో అడ్డు తగిలేది పక్క పార్టిషన్. కొత్త చోటు ఎప్పుడూ డిస్క్ చివర్న చేరుతుంది. మన పార్టిషన్ తర్వాత స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) కూర్చుని ఉంటే రూట్ ముందుకు జరగలేదు. విండోస్‌లో అయితే సీ డ్రైవ్ తర్వాత రికవరీ పార్టిషన్ ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కడానికి లేకుండా మసకగా ఉంటుంది. పార్టిషన్లు జరిపే జీపార్టెడ్ టూల్ ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్) తో బూట్ చేసి ఆ అడ్డాన్ని చివరికి జరపాలి. చేయలేని పనేం కాదు. కానీ డేటా ఉన్న డిస్క్ మీద పార్టిషన్లు జరపడం నాకు ఎప్పుడూ గుండెదడే.

అడ్డేం లేకపోతే పార్టిషన్‌ను పెంచే గ్రోపార్ట్ కమాండ్‌తో పని అయిపోతుంది. ఇక్కడ ఒక చిన్న చిక్కు. గ్రోపార్ట్‌కి డిస్క్ పేరుకీ పార్టిషన్ నంబరుకీ మధ్య ఖాళీ ఉండాలి. ఆ తర్వాత మూడో పొర. ఉబుంటులో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ కోసం వాడే రీసైజ్‌టూఎఫ్‌ఎస్‌కి ఖాళీ ఉండకూడదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ వాడాలి, దానికి మౌంట్ పాయింట్, అంటే ఆ ఫైల్‌సిస్టమ్ కనిపించే ఫోల్డర్, ఇవ్వాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నాకు ఇక్కడ పడింది. డిస్క్ నూటికి నూరు శాతం నిండితే గ్రోపార్ట్ కూడా నడవదు, ఎందుకంటే అది టెంప్ ఫోల్డర్‌లో ఏదో రాసుకోవాలి, రాసుకోవడానికి చోటు లేదు. సిస్టమ్ రాసుకునే జర్నల్ లాగ్‌లు కొన్ని చెరిపేశాక కదిలింది.

ఇంకో డిస్క్ తగిలిస్తే

మెషీన్ ఆపి, స్టోరేజ్ సెట్టింగ్స్‌లో కొత్త వీడీఐ జోడించి, ఆన్ చేసి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, కావలసిన ఫోల్డర్ దగ్గర మౌంట్ చేయడం, అంటే ఆ ఫోల్డర్‌లో కొత్త డిస్క్ కనిపించేలా చేయడం. అంతే. పాత డిస్క్ జోలికి పోనక్కర్లేదు, స్నాప్‌షాట్లు ఎన్ని ఉన్నా బాధ లేదు, తేడా వస్తే కొత్త డిస్క్ పీకేస్తే సరి.

నాకు నచ్చేది వేరే సంగతి. వర్చువల్‌బాక్స్‌లో ఒక డిస్క్‌ను రైట్‌త్రూ రకంగా మార్చుకోవచ్చు. అప్పుడది స్నాప్‌షాట్లలోకి రాదు. అప్‌డేట్ వికటించి సిస్టమ్‌ను వెనక్కి తిప్పినా డేటాబేస్ ఉన్నచోటే ఉంటుంది. డేటా, సిస్టమ్ ఒకే డిస్క్‌లో ఉంటే నిన్నటి స్నాప్‌షాట్‌కి వెళ్లడమంటే నిన్నటి డేటాకీ వెళ్లడమే. పైగా ఈ రెండో వీడీఐని ల్యాప్‌టాప్‌లోనే పెట్టాలని లేదు, బయటి ఎస్ఎస్‌డీ మీద పెట్టుకోవచ్చు. హోస్ట్ డిస్కే నిండిపోయినవాళ్లకి ఉన్న డిస్క్‌ను పెంచి ఏం ప్రయోజనం? వాడేకొద్దీ పెరిగే డైనమిక్ డిస్క్‌కి 100 జీబీ అని రాసిస్తే వర్చువల్‌బాక్స్ ఒప్పుకుంటుంది. హోస్ట్‌లో చోటు అయిపోయిన రోజు మెషీన్‌ను మధ్యలో ఆపేసి కూర్చుంటుంది. అయితే బయటి డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటదు, వీడీఐ అక్కడే ఆగిపోతుంది.

దీనిలోనూ గోతులున్నాయి. డేటాబేస్ ఫోల్డర్ మీద నేరుగా కొత్త డిస్క్ మౌంట్ చేస్తే పాత ఫైళ్లు దాని కింద దాక్కుంటాయి. కనిపించవు, చోటు మాత్రం వదలవు. నేను ఒకసారి అలా మౌంట్ చేసి, రూట్ ఇంకా 98 శాతం ఎందుకుందని గంటసేపు వెతికాను. ముందు సర్వీస్ ఆపి, ఫైళ్లు కాపీ చేసి, పాత ఫోల్డర్ పేరు మార్చి, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసి దాని మీద మౌంట్ చేయాలి. తర్వాత, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, ఫోల్డర్ ఓనర్‌గా మైఎస్‌క్యూఎల్ యూజర్‌ను పెట్టడం మర్చిపోకూడదు. దారి మారలేదు కాబట్టి ఏ ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌ను ముట్టుకోవచ్చో చూసే ఉబుంటు యాప్‌ఆర్మర్‌తో గొడవ రాదు. బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఎస్‌డీబీ లాంటి డిస్క్ పేరు కాకుండా దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాయాలి, ఎందుకంటే ఆ పేర్లు అటూఇటూ మారొచ్చు. పక్కన నోఫెయిల్ అనే ఆప్షన్ కూడా. అది లేకపోతే డిస్క్ తగిలించడం మరిచిపోయిన రోజు బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది.

హోస్ట్‌లోని ఫోల్డర్‌నే మెషీన్‌కి చూపించే షేర్డ్ ఫోల్డర్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. సినిమాలు, ఐఎస్ఓలు దాచుకోవడానికి బాగానే ఉంటుంది. డేటాబేస్‌కి, కోడ్ బిల్డ్‌కి వద్దు. పర్మిషన్లు లైనక్స్ పద్ధతిలో ఉండవు, సింలింక్‌లు (ఇంకో ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్‌లు) డిఫాల్ట్‌గా కుదరవు, వేగమూ తక్కువే.

క్లౌడ్‌లో కూడా నా లెక్క ఇదే. అమెజాన్ ఈబీఎస్ వాల్యూమ్ (అద్దెకిచ్చే క్లౌడ్ డిస్క్) పెంచడం సులువు, తగ్గించడం మాత్రం లేదు. వాడినా వాడకపోయినా తీసుకున్న జీబీలకి బిల్లు కట్టాలి. తాత్కాలిక అవసరానికి వేరే వాల్యూమ్ తగిలిస్తే పని అయ్యాక తీసేయొచ్చు.

పెంచినా పెరగని హద్దులు

పెద్ద సైజుల్లో ఇంకో గోడ ఎదురవుతుంది, అదే 2 టీబీ. దీనికి సాధారణంగా కారణం ఎంబీఆర్, అంటే డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి. అందులో సెక్టార్ (డిస్క్‌లో చిన్న ముక్క) నంబర్లకి 32 బిట్లే ఉంటాయి, సెక్టార్ 512 బైట్లు, లెక్క వేస్తే 2 టీబీ దగ్గర ఆగుతుంది. డిస్క్ 3 టీబీకి పెంచినా మిగతా టెరాబైట్ అలా పడి ఉంటుంది. కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్‌-వీలో పాత వీహెచ్‌డీ ఫార్మాట్ 2040 జీబీ దాటదు, వీహెచ్‌డీఎక్స్ అయితే 64 టీబీ దాకా వెళ్తుంది. వీఎంవేర్ వైపు 2013లో వచ్చిన సర్వర్ సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్ 5.5 నుంచి ఒక్కో డిస్క్‌కి 62 టీబీ. పాత సర్వర్‌లో బూట్ డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చడం కన్నా, జీపీటీతో కొత్త డేటా డిస్క్ తగిలించడం ఎంత సుఖమో చేసినవాళ్లకి తెలుస్తుంది.

మరి పెంచడమే మేలయ్యే సందర్భం లేదా అంటే ఉంది. నిండింది సిస్టమే అయితే అదే చేయాలి. విండోస్ సీ డ్రైవ్ అప్‌డేట్లతో నిండితే పక్కన డీ డ్రైవ్ ఇచ్చినా అప్‌డేట్ ఎక్కదు. ఎల్‌వీఎం ఉన్న లైనక్స్‌లో, స్నాప్‌షాట్లు లేకపోతే, పెంచడం కూడా పావుగంట పనే, అక్కడ నేను వాదించను. మొదలుపెట్టే ముందు మాత్రం మెషీన్ పూర్తిగా ఆపి వీడీఐ ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెడతాను. 25 జీబీ కాపీ అయ్యేలోపు టీ తాగి రావచ్చు.