చెక్క గానుగ నూనెల దుకాణం: ఇంటి మాయిశ్చరైజర్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

మా ఊరి బస్టాండు వెనుక ఉన్న చెక్క గానుగ దుకాణంలో నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఎప్పటికప్పుడు ఆడించి అమ్ముతారు. వంటకు కొనేవారే ఎక్కువైనా, చలి మొదలై కాళ్లూ చేతులూ తెల్లగా పొలుసుబారే సమయానికి ఒంటికి, జుట్టుకు రాసుకోవడానికి కొనేవారూ బాగానే కనిపిస్తారు. ఈ సమీక్ష ఆ రెండో అవసరం గురించే.

ముందుగా నూనె నాణ్యత. నువ్వులు ఆడేటప్పుడు గానుగలో కొద్దిగా బెల్లం వేయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. వంటకు ఆ నూనె రుచిగా ఉంటుంది. నేను ఒంటికి కావాలని చెప్పగానే, "అయితే బెల్లం వేయనిది తీసుకోండమ్మా, మడ్డి పూర్తిగా తేరాక వడకట్టి ఇస్తాను, రేపు రండి" అని దుకాణదారు చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు ఆ దుకాణంపై గౌరవం కలిగింది, ఎందుకంటే మడ్డి, తేమ మిగిలిన నూనె త్వరగా ముక్క వాసన పడుతుంది. మరునాడు ఇచ్చిన సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున నలుసు కూడా లేదు. లేత బంగారు రంగు, మూత తీయగానే పచ్చి నువ్వుల కమ్మదనం. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి సహజ పదార్థాలు ఉండడం వల్ల అది మిగతా చాలా నూనెల కన్నా ఎక్కువ కాలం చెడకుండా ఉంటుంది.

అయితే కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తేరిన ఏ నూనెలోనూ నీరు దాదాపు ఉండదు కనుక, అది పొడి చర్మానికి కొత్తగా తేమను ఇవ్వలేదు. ఉన్న తేమ ఆవిరైపోకుండా పట్టి ఉంచగలదు, అంతే. స్నానం చేసి, తువ్వాలుతో గట్టిగా తుడవకుండా అద్దుకుని, ఒంటి మీద చెమ్మ ఆరకముందే నాలుగు చుక్కలు అరచేతుల్లో వేసుకుని రాసుకుంటే ఈ నూనె నిజంగా పనిచేస్తుంది. పూర్తిగా ఆరిన ఒంటికి ఎంత పట్టించినా జిడ్డు మిగులుతుంది తప్ప, లోపలి బిగుతు పోదు.

పగిలిన మడమలకు, పెదవులకు నూనె ఒక్కటే చాలదు. ఇదే దుకాణంలో దొరికే తేనెమైనం తీసుకుని, 80 గ్రాముల నువ్వుల నూనెకు 20 గ్రాముల చొప్పున కలుపుతాను. మైనం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టకుండా, మరిగే నీళ్ల గిన్నెలో మరో చిన్న గిన్నె ఉంచి కరిగించడం మేలు. దించి కలుపుతూ ఉంటే అంచుల నుంచి మసకబారుతూ గట్టిపడుతుంది. ఆ దశలో తడి లేని చిన్న డబ్బాలోకి పోసుకోవాలి. చలికాలానికి మైనం కొంచెం తగ్గించుకుంటే వేలికి మెత్తగా వస్తుంది. నువ్వుల నూనెకు బదులు కొబ్బరి నూనె వాడేవారు అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుందని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

జుట్టుకు మాత్రం కొబ్బరి నూనెకే నా ఓటు. అది వెంట్రుక లోపలికి ఇంకగలదనీ, తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకల నుంచి ప్రోటీన్ నష్టం తగ్గుతుందనీ 2003లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పొద్దుతిరుగుడు నూనెకు గానీ, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌కు గానీ ఆ ఫలితం కనిపించలేదు. ఆ పరిశోధకులు కొబ్బరి నూనె అమ్మే కంపెనీకి చెందినవారే అన్నది కూడా పాఠకులకు తెలియాలి. చుండ్రు ఉన్నవారు తలకు, మొటిమలు వచ్చేవారు ముఖానికి దీన్ని రాయకపోవడం మంచిది.

ఇక నాకు బాధ కలిగించిన విషయం. కొబ్బరి నూనెలో కలబంద గుజ్జు, నిమ్మరసం కలిపి సీసాలో పోసి నెల రోజులు వాడుకోవచ్చని దుకాణం గోడకు ఒక కాగితం అంటించారు. కలబంద గుజ్జు దాదాపు అంతా నీరే. నీరు చేరిన ఏ మిశ్రమంలోనైనా, నిల్వ మందు లేకపోతే, సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజు కంటికి కనబడే నాటికే అది పాడై ఉంటుంది. కలబందను అప్పటికప్పుడు కోసి, ఆకు మొదట కారే పసుపు రసాన్ని పూర్తిగా పోనిచ్చి, గుజ్జును ఆ పూటకే వాడుకోవాలి. నిమ్మరసం సంగతి మరీ ప్రమాదకరం: అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చలు పడవచ్చు. పసిపిల్లల కోసం నూనె కొనే తల్లులు ఆ కాగితం చదువుతున్నారు కనుక, దాన్ని తీసేయమని దుకాణదారును కోరాను, ఇంకా తీయలేదు.

మిల్లు నూనె కన్నా ధర ఎక్కువే అయినా, ఒంటికి వాడేది కొంచెమే కాబట్టి చిన్న సీసా కొనుక్కోవడం తెలివైన పని. నూనె, మైనం నిస్సందేహంగా కొనదగినవే. సీసా మీద ఆడించిన తేదీ కూడా రాసి ఇవ్వడం మొదలుపెడితే, ఎంతకాలంలోగా వాడేయాలో కొన్నవారికి తెలుస్తుంది.