గ్లూకోమీటర్ స్ట్రిప్స్: డబ్బా కొనే ముందు ఏ ఎంజైమో చూడండి

గ్లూకోమీటర్ కొనేటప్పుడు చాలామంది తెర పెద్దదా, ఫోన్‌కి కనెక్ట్ అవుతుందా, ఎన్ని రీడింగులు దాచుకుంటుంది అని చూస్తారు. రీడింగ్ సరిగ్గా రావడానికి ఇవేవీ పనికిరావు. షుగర్‌ను కొలిచేది స్ట్రిప్, అందులోనూ దాని కొసన పొడిగా పూసిన ఎంజైమ్. అక్కడ పుట్టిన కరెంటును లెక్కగట్టి అంకెగా చూపించడం వరకే మీటర్ పని. మీటర్ ఒకసారి కొంటాం, స్ట్రిప్స్ ఏళ్ల తరబడి కొంటూనే ఉంటాం. అందుకే ఈ సమీక్ష స్ట్రిప్స్ గురించి. ఏ కంపెనీదైనా, డబ్బాలో మడిచిపెట్టిన కాగితం విప్పితే ఎంజైమ్ పేరు ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

స్ట్రిప్ కొసను రక్తపు చుక్కకు తాకించగానే సన్నటి కాలువ 0.3 నుంచి 1 మైక్రోలీటర్ వరకు రక్తాన్ని తనంతట తానే పీల్చుకుంటుంది. లోపల ఎంజైమ్ ఉత్ప్రేరకంగా పనిచేసి గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, గ్లూకోజ్ గ్లూకోనోలాక్టోన్‌గా మారుతుంది. ఎంజైమ్ నేరుగా ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు ఇవ్వలేదు కాబట్టి మధ్యలో ఒక మీడియేటర్ ఉంటుంది. చాలా స్ట్రిప్స్‌లో అది ఫెర్రిసయనైడ్, కొన్నింటిలో ఆస్మియం లేదా రుథీనియం సమ్మేళనం. అది ఎలక్ట్రాన్లు మోసుకెళ్లి ఎలక్ట్రోడ్‌కు అప్పజెప్తే కరెంటు పుడుతుంది. 5 సెకన్లలో అంకె వస్తుంది. ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌తో జత చేయవచ్చని 1962లో క్లార్క్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఇంట్లో వాడుకునే పెన్ను సైజు ఎలక్ట్రోడ్ మీటర్ 1987లో మార్కెట్లోకి వచ్చింది. సూత్రం అప్పటిదే. మారుతూ వచ్చింది ఎంజైమ్, మీడియేటర్, ఎలక్ట్రోడ్ డిజైన్.

దుకాణాల్లో ప్రధానంగా రెండు కుటుంబాలు దొరుకుతాయి. మొదటిది గ్లూకోజ్ ఆక్సిడేజ్. కాగితంలో దీన్ని జీఓడీ అనో జీఓఎక్స్ అనో రాస్తారు. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి వచ్చే ఈ ఎంజైమ్ గ్లూకోజ్ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటుంది. మాల్టోజ్, గెలాక్టోజ్ లాంటి వేరే చక్కెరలు ఎదురొచ్చినా పట్టించుకోదు. దీని చిక్కంతా ఆక్సిజన్‌తో. ఈ ఎంజైమ్ సహజంగా ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఆక్సిజన్‌కే, అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. స్ట్రిప్‌లో మీడియేటర్ ఆ ఎలక్ట్రాన్ల కోసం ఆక్సిజన్‌తో పోటీపడాలి. రక్తంలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే కొన్ని ఎలక్ట్రాన్లు అటు వెళ్లిపోతాయి, కరెంటు తగ్గుతుంది, అసలు ఉన్నదానికంటే తక్కువ అంకె చూపిస్తుంది. ఆక్సిజన్ తక్కువైతే దీనికి తారుమారు. ఆక్సిజన్ సిలిండర్ మీద ఉన్నవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ పడిపోయినవాళ్లకు, బాగా ఎత్తైన కొండప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఈ స్ట్రిప్ సరైన ఎంపిక కాదు. ఇంకో సంగతి: సిర నుంచి తీసిన రక్తంలో వేలి రక్తం కంటే ఆక్సిజన్ తక్కువ. అందుకే కొన్ని జీఓడీ స్ట్రిప్స్ కాగితంలో వేలి రక్తం మాత్రమే వాడమని ఉంటుంది. ఆ వాక్యం ఉన్న స్ట్రిప్ మీద సిరంజిలోని రక్తం వేయకూడదు.

రెండో కుటుంబం గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్, జీడీహెచ్. ఇది ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు ఇవ్వదు, కాబట్టి పై సమస్య లేదు. కానీ జీడీహెచ్ అన్న పేరు కనిపిస్తే చాలదు, పక్కన ఉన్న మూడక్షరాలు చూడాలి. ఎఫ్ఏడీ, ఎన్ఏడీ, పీక్యూక్యూ అని మూడు రకాల కోఫ్యాక్టర్లు, అంటే ఎంజైమ్‌కు తోడుగా పనిచేసే అణువులు, ఉంటాయి. ప్రాణాల మీదికి వచ్చేది చివరిదానితోనే. పీక్యూక్యూ రకం మాల్టోజ్‌ను, గెలాక్టోజ్‌ను, జైలోజ్‌ను కూడా గ్లూకోజ్ అనుకుని కొలుస్తుంది. పెరిటోనియల్ డయాలసిస్‌లో (పొట్టలోకి ద్రావణం ఎక్కించి చేసే డయాలసిస్) వాడే ఇకోడెక్స్‌ట్రిన్ ద్రావణం శరీరంలో విడిపోయి మాల్టోజ్ అవుతుంది. మాల్టోజ్ కలిపి తయారుచేసే కొన్ని ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) ఇంజెక్షన్లతోనూ ఇదే ప్రమాదం. అలాంటి రోగికి షుగర్ నిజంగా 45కి పడిపోయినా మీటర్ 200 దాటి చూపించవచ్చు. అది నమ్మి ఇన్సులిన్ ఇస్తే రోగి కోమాలోకి వెళ్తాడు. ఈ రకం స్ట్రిప్స్‌తో ముడిపడిన 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరిక జారీ చేసింది. ఇకోడెక్స్‌ట్రిన్ ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఈ ప్రభావం ఉండొచ్చు. ఎంజైమ్‌లో అమైనో ఆమ్లాలు మార్చి మాల్టోజ్‌కు లొంగకుండా చేసిన పీక్యూక్యూ రకాలు తర్వాత వచ్చాయి. అయినా పెరిటోనియల్ డయాలసిస్ రోగి ఉన్న ఇంట్లో పీక్యూక్యూ అనే మాట ఉన్న డబ్బా అసలు ఉండకూడదన్నదే మా మాట. పాత మీటర్ ఎవరైనా ఊరికే ఇచ్చినా స్ట్రిప్ కాగితం చదివాకే వాడండి.

ఎన్ఏడీ, ఎఫ్ఏడీ రకాలకు మాల్టోజ్ బెడద లేదు. రెండింటికీ జైలోజ్ మాత్రం అడ్డొస్తుంది. పేగులు సరిగ్గా పీల్చుకుంటున్నాయో లేదో చూడటానికి జైలోజ్ తాగించే పరీక్ష ఒకటుంది, ఆ రోజు ఈ స్ట్రిప్స్ రీడింగ్ లెక్కలోకి తీసుకోకూడదు. ఇది చాలా అరుదు. కొత్తగా కొనేవాళ్లకు మా మొదటి ఓటు జీడీహెచ్-ఎఫ్ఏడీకే. ఆక్సిజన్ సిలిండర్ అవసరం లేని, డయాలసిస్ లేని మామూలు మనిషి ఇంట్లో రోజుకు ఒకటి రెండుసార్లు చూసుకోవడానికి జీఓడీ స్ట్రిప్‌కు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇప్పటికే వాడుతుంటే మార్చాల్సిన పని లేదు.

ఎంజైమ్ ఏదైనా రెండు కుటుంబాలనూ ఇబ్బందిపెట్టేది హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. కణాలు ఎక్కువగా ఉంటే ప్లాస్మా తగ్గుతుంది, గ్లూకోజ్ ఎలక్ట్రోడ్‌ను చేరే దారికి కణాలు అడ్డుపడతాయి, అంకె తగ్గిపోతుంది. రక్తహీనతలో దీనికి వ్యతిరేకం, అంకె పెరుగుతుంది. రక్తహీనత ఉన్న గర్భిణిలో, కిడ్నీ రోగిలో పడిపోతున్న షుగర్ కనబడకుండా పోయేది ఇక్కడే. మంచి స్ట్రిప్స్‌లో హెమటోక్రిట్‌ను విడిగా కొలిచి సరిచేసే అదనపు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కాగితంలో హెమటోక్రిట్ పరిధి 10–65 అని ఉంటే ఆ స్ట్రిప్ దాదాపు ఎవరికైనా పనికొస్తుంది. 30–55 అని ఉంటే రక్తహీనత ఉన్నవాళ్లు వదిలేయడం మేలు. నరంలోకి గ్రాములకొద్దీ విటమిన్ సి ఎక్కిస్తే అది ఎలక్ట్రోడ్ దగ్గర తనే ఆక్సీకరణం చెంది దొంగ కరెంటు పుట్టిస్తుంది, షుగర్ లేకున్నా ఉన్నట్టు కనబడుతుంది. ఇక బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషి వేలి రక్తాన్ని ఏ స్ట్రిప్ మీదా నమ్మకూడదు, వేళ్లకు రక్తం అందడం లేదు కాబట్టి.

కచ్చితత్వం విషయానికొస్తే డబ్బా మీద ఐఎస్ఓ 15197:2013 అని, అంటే గ్లూకోమీటర్ల అంతర్జాతీయ ప్రమాణం పేరు, ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం 95 శాతం రీడింగులు, షుగర్ డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉన్నప్పుడు ప్లస్ ఆర్ మైనస్ 15 మిల్లీగ్రాముల్లో, 100, ఆపైన ఉన్నప్పుడు ప్లస్ ఆర్ మైనస్ 15 శాతంలో ఉండాలి. అసలు షుగర్ 200 అయితే 170 చూపించినా, 230 చూపించినా స్ట్రిప్ పాసయినట్టే. అందుకని వరసగా రెండు వేళ్లలో 118, 127 వచ్చాయని మీటర్‌ను తిట్టుకోనక్కర్లేదు. అయితే పాసైనవన్నీ ఒకటి కాదు. కాగితంలో ఒక పట్టిక ఉంటుంది: వందమంది రక్తాన్ని మూడు బ్యాచ్‌ల స్ట్రిప్స్‌తో రెండేసిసార్లు చూసిన 600 ఫలితాల్లో ఎన్ని 5 (మిల్లీగ్రాములు లేదా శాతం) లోపల, ఎన్ని 10 లోపల, ఎన్ని 15 లోపల పడ్డాయో అందులో రాస్తారు. అందరూ 15 వరుస చూపించి అమ్ముతారు. మీరు 10 వరుస చూడండి. అక్కడ 95 శాతం దాటినది నిజంగా మంచి స్ట్రిప్. ఈ పట్టిక కాగితంలో లేకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

ల్యాబ్‌తో పోల్చి చూసేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. భోజనమయ్యాక పోల్చుతారు. తిన్నాక కొంతసేపు వేలి రక్తంలో సిర రక్తం కంటే గ్లూకోజ్ సహజంగానే ఎక్కువ ఉంటుంది, 20–30 తేడా వచ్చినా స్ట్రిప్ తప్పు కాదు. పరగడుపున ఉండాలి. ల్యాబ్‌లో సూది గుచ్చిన ఐదు పది నిమిషాల్లోపే వేలి నుంచి రెండు రీడింగులు తీసి సగటు కట్టాలి. ల్యాబ్ ట్యూబ్ సంగతి కూడా అడగండి. వేరు చేయకుండా వదిలేసిన రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. బూడిదరంగు మూత ట్యూబులో ఉండే ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది, కానీ వెంటనే కాదు. అది అడ్డుకునేది కణాలు గ్లూకోజ్‌ను మెట్లు మెట్లుగా విడగొట్టే గ్లైకోలిసిస్‌లో చివరి మెట్లలో ఒకదాన్ని నడిపే ఈనోలేజ్ అనే ఎంజైమ్‌ను. పై మెట్లు ఆగేలోగా గంటో రెండు గంటలో గడిచిపోతాయి. ట్యూబు రెండు గంటలు బల్ల మీద ఉండిపోతే ల్యాబ్ అంకే తక్కువ వస్తుంది, నింద మాత్రం ఇంట్లో మీటర్ మీద పడుతుంది.

ఇంట్లో ఎక్కువగా తప్పు జరిగేది వేలి దగ్గర. 0.3 మైక్రోలీటర్ రక్తంలో, షుగర్ 100 ఉన్నప్పుడు, ఉండే గ్లూకోజ్ మొత్తం 0.3 మైక్రోగ్రాములు. ద్రాక్షరసంలో ఒక్కో మైక్రోలీటరుకు దాదాపు 70 మైక్రోగ్రాములు. వేలికి అంటిన రసంలో కంటికి కనబడనంత అంశ చాలు, రీడింగ్ రెట్టింపు కావడానికి. పండు ఒలిచిన వేలిని స్పిరిట్ దూదితో తుడిచినా అంకె ఎక్కువే వస్తుందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చక్కెర నీళ్లలో కరిగినట్టు స్పిరిట్‌లో కరగదు. సబ్బు, నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే చుక్క పల్చబడి అంకె తగ్గుతుంది. చేతులు కడగడం కుదరకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడండి. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలుస్తుంది. చెయ్యి కిందికి వేలాడదీసి, మొదలు నుంచి కొస వైపు మెల్లగా నిమిరితే చాలు.

నిల్వ విషయంలో డబ్బా మూతే ముఖ్యం. డబ్బా గోడలో గానీ మూతలో గానీ తేమ పీల్చే పదార్థం ఉంటుంది. తేమ లోపలికి వెళ్తే ఫెర్రిసయనైడ్‌లో కొంత ముందే ఫెర్రోసయనైడ్‌గా మారిపోతుంది, రక్తం తగలకముందే కరెంటు సిద్ధంగా ఉన్నట్టు లెక్క, అంకె పెరుగుతుంది. వేడికి ఎంజైమ్ చచ్చిపోతే అంకె తగ్గుతుంది. రెండూ కలిసి జరిగితే ఎటు తప్పుతుందో ఎవరూ చెప్పలేరు. స్ట్రిప్ తీసిన మరుక్షణం మూత బిగించాలి, వేరే డబ్బాలోకి మార్చకూడదు, 30 డిగ్రీలు దాటే చోట, ఎండలో ఆపిన కారులో ఉంచకూడదు. ఫ్రిజ్‌లోనూ వద్దు, బయటికి తీసి మూత తెరవగానే చల్లటి స్ట్రిప్స్ మీద తేమ పేరుకుంటుంది. కొన్ని బ్రాండ్లు తెరిచిన తర్వాత మూడు నుంచి ఆరు నెలలే పనిచేస్తాయి, తెరిచిన తేదీ డబ్బా మీద రాసుకోండి. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే చూసుకునేవాళ్లు 50 స్ట్రిప్స్ డబ్బా కాకుండా ఒక్కొక్కటి రేకులో విడిగా చుట్టినవి కొనడం తెలివైన పని.

కంట్రోల్ సొల్యూషన్, అంటే ఎంత గ్లూకోజ్ ఉందో ముందే తెలిసిన పరీక్ష ద్రావణం, చాలామంది కొనరు, కొనాలి. కొత్త డబ్బా తెరిచినప్పుడు, మీటర్ కిందపడినప్పుడు, అంకె ఒంటికి తెలిసేదానికి పొంతన లేనప్పుడు ఒక చుక్క వేసి, స్ట్రిప్ డబ్బా మీద ముద్రించిన పరిధిలో ఉందో లేదో చూడాలి. సీసా తెరిచాక సాధారణంగా మూడు నెలలే. ఒక పరిమితి గుర్తుంచుకోండి: అందులో ఎర్రకణాలు ఉండవు కాబట్టి ఎంజైమ్ బతికే ఉందని అది చెప్తుంది కానీ హెమటోక్రిట్ తప్పును పట్టదు.

ఎంజైమ్ లేకుండానే గ్లూకోజ్‌ను ఆక్సీకరించే నికెల్, రాగి ఆక్సైడ్, బంగారం నానోకణాల మీద పరిశోధనలు పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. వేడికి చెడవు, తేమకు భయపడవు. దుకాణానికి ఇంకా రాకపోవడానికి గట్టి కారణమే ఉంది: నికెల్, రాగి ఉత్ప్రేరకాలు బాగా పనిచేసేది గాఢమైన క్షార ద్రావణంలో, రక్తం పీహెచ్ 7.4. ఇతర చక్కెరలను, విటమిన్ సిని కూడా అవి వదలవు. మీడియేటర్ అక్కర్లేకుండా ఎలక్ట్రోడ్‌కే నేరుగా ఎలక్ట్రాన్లు అందించేలా ఎఫ్ఏడీ ఎంజైమ్‌ను మలిచే ప్రయత్నాల మీద మాకు ఆశ ఎక్కువ. సూది లేకుండా షుగర్ చెప్తామనే వాచీలు, ఉంగరాలు మాత్రం కొనకండి, అలాంటి ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది.

చర్మం కింద అమర్చుకునే సెన్సార్లు వేరే సంగతి, అవి నిజమైన ఎంజైమ్‌తోనే పనిచేస్తాయి. వాటికి మారేవాళ్లు కూడా కాగితంలో మందుల పేజీ చదవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ప్లాటినం మీద కొలిచే రకానికి పారాసిటమాల్ అడ్డొస్తుంది. పాత మోడళ్లలో ఒక్క మాత్రతోనే అంకె ఎక్కేది, కొత్తవాటిలో ఆరు గంటలకు 1 గ్రాము వరకు ఫర్వాలేదని రాస్తున్నారు. ఆస్మియం మీడియేటర్ రకంలో కొన్నింటికి రోజుకు 500 మిల్లీగ్రాములు మించి విటమిన్ సి వేసుకుంటే రీడింగ్ ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. నీళ్లలో వేసుకుని తాగే విటమిన్ సి బిళ్లల్లో చాలావాటిలో ఒక్కోదాంట్లో 1000 మిల్లీగ్రాములు ఉంటుంది.