రాణిగంజ్‌లో కొన్న జాక్, స్టాండ్లు, ర్యాకు: ఎనిమిది నెలలు వాడాక

మా మామయ్యగారు 2009లో కొన్న మారుతి 800 ఇంకా సైనిక్‌పురి ఇంట్లోనే ఉంది. మరుసటి ఏప్రిల్‌లో బీఎస్-4 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చి హైదరాబాద్‌లో ఆ కారు అమ్మకమే ఆగిపోయింది. ఆయన పోయాక దాని పనులు నేనూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ చూసుకుంటున్నాం.

మొదట ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ట్రాలీ జాక్ (చక్రాల మీద దొర్లే జాక్) తెప్పించాం. ఒకరోజు వాడు ముందు చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి కారు రెండు అంగుళాలు కిందికి దిగి ఉంది. పనిలో పడి వాడు గమనించనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతే సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లాం. నాలుగు దుకాణాలు తిరిగాక ఒక పాత దుకాణంలో పెద్దాయన మా గోడు మొత్తం విన్నారు. "జాక్ ఎత్తడానికేనమ్మా, మోయడానికి కాదు. సీలు అరిగినా, వాల్వులో చెత్త పడినా నూనె వెనక్కి జారి బరువు దిగుతుంది. ముందు ఎత్తిన కారుని మోసే స్టాండ్లు తీసుకోండి" అన్నారు. జాక్ కన్నా ముందు స్టాండ్లు చూపించిన దుకాణం అదొక్కటే.

మూడు టన్నుల స్టాండ్ల జత, అంతే బరువెత్తే ట్రాలీ జాక్ తీసుకున్నాం. డబ్బు కట్టకముందే ఆ జాక్‌తో దుకాణం ముందున్న గూడ్స్ ఆటోని ఎత్తించి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచమన్నాను. టేపుతో కొలిస్తే ఒక్క గీత కూడా తగ్గలేదు. ఆయన విసుక్కోలేదు, ఆ టైములో మాకు చాయ్ తెప్పించారు.

ఇంటికొచ్చాక ఒక సంగతి తెలిసింది. మా పార్కింగ్‌లో షాబాద్ బండలు. కారెత్తేటప్పుడు జాక్ చక్రాలు కొద్దిగా ముందుకు దొర్లాలి, బండల సందులో ఇరుక్కుంటే జాక్ పక్కకి లాగేస్తుంది. స్టాండ్ల కాళ్లు ఆనినచోట బండ పగలొచ్చు కూడా. అందుకని రెండింటి కిందా మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేస్తున్నాం. తలుపు కింది రేకు అంచు వంగకుండా స్టాండు మీద గాడి ఉన్న రబ్బరు ముక్క పెడతాం. ఇప్పుడు స్టాండ్ల మీదికి దించి, కారుని చేత్తో గట్టిగా ఊపి చూశాకే వాడిని కింద దూరనిస్తాను.

నట్లు విప్పడానికి, మెకానిక్కులు గోటీ అనే సాకెట్లలో ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన నట్ల అంచులు అరగదీస్తాయి. చక్రం నట్లకు మాకు కావలసింది 19 ఎంఎం. నట్టుని కావలసినంత బిగువుకే బిగించే టార్క్ రించి కూడా కొన్నాం. పనయ్యాక దాన్ని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే స్ప్రింగు పాడవుతుంది.

ర్యాకు విషయంలో మాత్రం తప్పు నాదే. చవకని 20 గేజ్ అరలు తీసుకున్నాను. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుందని అప్పుడు తెలియదు. పాత గేర్‌బాక్సు పెట్టిన అర ఒక్క నెలలోనే మధ్యలో కుంగింది. బరువులకు 18 గేజ్ కావాలి. ఇప్పుడు బరువైనవన్నీ అట్టడుగు అరలోకి మార్చాం. వానాకాలంలో పానాలకి నూనె గుడ్డ రాసి పెడుతున్నాం.

ఇంజిన్ దించడానికి చైన్ పుల్లీ కావాలని మావాడు అడిగాడు. ఎక్కడ తగిలిస్తావని అడిగారు పెద్దాయన. స్లాబుకున్న ఫ్యాను హుక్కుకి అన్నాడు వాడు. "అయితే అమ్మను బాబూ" అని పుల్లీని మళ్లీ గోడకు తగిలించేశారు. చేతికొచ్చిన బేరం వదులుకున్నారు కాబట్టే ఆ దుకాణానికి మళ్లీ వెళతాను.

ఆదివారం మాత్రం వెళ్లకండి, మొదటిసారి మేము షట్టర్లు చూసి తిరిగొచ్చాం. పార్కింగ్ కష్టం, ఆటోలో వెళ్లడమే నయం. వెళ్లేముందు మీ కారు అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి, మా జాక్ పూర్తిగా దించినా 14 సెంటీమీటర్లు ఉంటుంది.