సుంకి ఘాట్‌లో నాలుగు చలికాలాలు: నా పికప్‌కి వేయించిన పసుపు ఫాగ్ లైట్లు

మాది ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ. కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎత్తుకుని సాలూరు, విజయనగరం దింపి రావడం నా పని. బండి బొలెరో పికప్. ధనుర్మాసం వచ్చిందంటే 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి దగ్గర, అక్కణ్ణుంచి సాలూరు వైపు దిగే సుంకి ఘాట్‌లో తెల్లవారుజామున బానెట్ ముందు ఏముందో తెలియదు. పక్కనే దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. అక్కడ గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టే ఉదయాలు కూడా ఉంటాయి. రోడ్డు మీద మా గండం మాత్రం పొగమంచే. ఒడియా డ్రైవర్లు కుహుడి అంటారు.

నాలుగేళ్ళ కిందట బంపర్ కింద రెండు హాలోజన్ ఫాగ్ లైట్లు వేయించాను, ఒక్కోటి 55 వాట్లు. అంతకుముందు కనపడకపోతే హైబీమ్ కొట్టేవాణ్ణి. ఎదురుగా తెల్లగోడ లేచేది. నీటి తుంపరలకు తగిలిన వెలుగు తిరిగి మన కళ్ళలోకే వస్తుంది కదా. ఫాగ్ లైటు వెలుగు నేలకు దగ్గరగా, వెడల్పుగా, పైకి లేవకుండా పరుచుకుంటుంది. రోడ్డు అంచు, తెల్లగీత, కల్వర్టు గోడ తెలుస్తాయి. అంతే. దూరం చూపిస్తుందని కొనకండి, చూపించదు.

మొదటి ఏడాది ఇదంతా పసుపు రంగు మహిమే అనుకున్నాను. కాదు. తుంపరలు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి, తెలుపైనా పసుపైనా దాదాపు ఒకేలా చెదురుతుంది. పసుపు కంటికి తక్కువ గుచ్చుకుంటుంది, నాకు ఆ మేలు చాలు. అసలు పని చేసేది బిగించిన ఎత్తు, వంచిన కోణం.

ఆ కోణం దగ్గరే నేను తప్పు చేశాను. ఒక రాత్రి మలుపులో ఎదురొచ్చిన సాలూరు లారీ ఆగిపోయింది. "బాబూ, ఆ లైట్లు దించు, లోయ ఎటుందో నాకు తెలీట్లేదు" అన్నాడు డ్రైవర్. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మర్నాడే చదును నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి, వెలుగు పై అంచు లైటు మధ్యభాగం కన్నా 4 అంగుళాలు కిందికి పడేలా తిప్పించాను. సరుకు ఎక్కించి చూడాలి. వెనక బరువు పడితే ముందు భాగం లేస్తుంది, లైట్లూ లేస్తాయి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి వీటిని అసలు వేయను.

వైరింగ్ సంగతి. రెండు లైట్లూ కలిపి 9 ఆంపియర్లు దాటి లాగుతాయి. మొదట బిగించినాయన రిలే పెట్టలేదు, అంటే లైట్ల కరెంటంతా స్విచ్ మీద పడకుండా తను మోసే చిన్న పెట్టె. రెండో నెలలో స్విచ్ కరిగి క్యాబిన్ అంతా కాలిన వాసన. రిలే, ఫ్యూజు వేయించాక మళ్ళీ ఇబ్బంది లేదు. మూడో ఏడాది ఆ లైట్లలోనే ఎల్‌ఈడీ బల్బులు వేసి చూశాను. హాలోజన్ కోసం చేసిన అద్దంలో వాటి వెలుగు చెల్లాచెదురై పైకి పోయింది, వారానికే తీసేశాను. గతుకులకు బ్రాకెట్ నట్లు వదులవుతాయి, నెలకోసారి బిగించుకోవాలి.

లైట్లు ఉన్నాయని వేగం పెంచితే ప్రాణం మీదికే. గంటకు 40 అంటే సెకనుకు 11 మీటర్లు. 20 మీటర్లకు మించి కనిపించని చోట బ్రేకు మీద కాలు పడేలోపే సగం దూరం అయిపోతుంది. పైగా మంచుకు తడిసిన రోడ్డు, అరిగిన టైర్లయితే ఇంకా జారుతుంది. నేను గంటకు 20 దాటను, దిగుడంతా రెండో గేరే. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోయేవాళ్ళకు ఒక్క మాట: మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు, అది ఆగినప్పుడు వేసేది. చెడిపోయిన లారీ వెనక పేర్చిన రాళ్ళు, లారీ వెళ్ళాక కూడా రోడ్డు మీదే ఉంటాయి. అవి పక్కకు తీసి వెళ్ళండి, దయచేసి. నా రెండు ఫాగ్ లైట్లు మొదట చూపించేది చాలాసార్లు ఆ రాళ్ళనే.

మరీ దట్టంగా ఉంటే ఘాట్ దిగకుండా పొట్టంగిలోనే రోడ్డుకు దూరంగా బండి పెట్టేస్తాను. టమాటా ధర కాస్త తగ్గుతుంది. విజయనగరం షావుకారు ఫోన్ చేస్తే, "మంచు విడలేదండీ, తొమ్మిది దాటుతుంది" అని చెప్పి టీ తాగుతాను.