మేతలో రంగుకి: నాచు పొడి మేలా, సింథటిక్ మేలా?

గుడివాడ, కైకలూరు వైపు నుంచి విజయవాడకు మేత కోసం వచ్చే రైతులు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "రంగు రావడానికి నాచు పొడి కలపమంటారా, సింథటిక్ ఆస్టాజాంథిన్ కలపమంటారా?" ఆస్టాజాంథిన్ అంటే ఉడికిన రొయ్యకు ఎరుపు తెచ్చే రంగు పదార్థం. చెరువులో ఏముందో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం.

శీలావతి, బొచ్చె వేసినవాళ్లు రెండూ కొనొద్దు. సాల్మన్ చేప కండ ఆస్టాజాంథిన్‌ను పట్టి దాచుకుంటుంది, దాని నారింజ రంగు అక్కడిదే. మన చేపల కండకు ఆ గుణం లేదు. తవుడు సంచిలో ఎంత పొడి కలిపి కట్టినా ముక్క తెల్లగానే ఉంటుంది. పంగాసియస్ చేపకైతే నష్టం కూడా. నాచులో, మొక్కజొన్నలో ఉండే ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాలు చేరి కండ పసుపుబారుతుంది. కొనేవాళ్లు తెల్ల ఫిల్లెట్ (ముల్లు తీసిన ముక్క) అడుగుతారు.

అసలు లెక్క వనామి రొయ్య దగ్గరే. బస్తా రేటు చూసి కొనేస్తున్నారు, నన్ను బాధపెట్టేది అదే. చూడాల్సింది అందులో ఆస్టాజాంథిన్ ఎంత శాతం ఉందని. టన్ను మేతకు 60 గ్రాముల ఆస్టాజాంథిన్ కావాలనుకుందాం. 3 శాతం ఉన్న హెమటోకోకస్ అనే నాచు పొడి అయితే 2 కేజీలు పడుతుంది, 10 శాతం సింథటిక్ అయితే 600 గ్రాములు చాలు. పైగా హెమటోకోకస్ కణం గోడ చాలా మందం. దాన్ని పగలగొట్టి చేసిన పొడి కాకపోతే రంగు చాలావరకు రొయ్యకు అందకుండానే బయటికి పోతుంది. అమ్మేవాణ్ని ఈ సంగతి తప్పకుండా అడగండి. ఎగుమతిదారు సహజమైనదే కావాలని, దానికి తగ్గ ధర ఇస్తానని ఒప్పుకుంటే హెమటోకోకస్ వాడండి. లేదంటే నేను సింథటికే వాడమంటాను.

స్పిరులినా అనే ఇంకో నాచులో ఆస్టాజాంథిన్ ఉండదు. అందులోని జియాజాంథిన్, బీటా కెరోటిన్‌లను రొయ్య తనే మార్చుకోవాలి, అందుకే ఫలితం తక్కువ. బంతిపూల పొడి రొయ్యకు వద్దు.

ఏది వాడినా డబ్బా మూత బిగించి నీడలో పెట్టండి. ఎండ, వేడి, గాలి తగిలితే ఆస్టాజాంథిన్ పాడవుతుంది. కలపడం మొదలుపెట్టాక వారానికోసారి, మేత తింటున్నాయో చూసే చెక్ ట్రేలోంచి నాలుగు రొయ్యలు తీసి ఉడికించి తెల్ల పళ్లెంలో పెట్టి చూడండి. పచ్చి రొయ్యలో ఆస్టాజాంథిన్‌ను ఒక ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది, అందుకే నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ వదిలేస్తే అసలు ఎరుపు బయటపడుతుంది. కొనేవాళ్లు చూసేది ఆ ఎరుపే. అది చాలినంత వచ్చిన రోజున కొత్త డబ్బా కొనొద్దు.