స్టెంట్ పడ్డాక బరువు తగ్గాలంటే: సూర్యారావుపేట డైటీషియన్లా, షేక్ క్లబ్బులా?

గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ‘బరువు తగ్గాలి’ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఎలాగో ఉండదు. ఆ ముక్క పట్టుకుని బెజవాడలో బయల్దేరితే మూడు రకాల చోట్లు తగులుతాయి: సూర్యారావుపేట ఆస్పత్రుల్లో కూర్చునే డైటీషియన్లు, మూణ్ణెల్ల ప్యాకేజీలమ్మే స్లిమ్మింగ్ సెంటర్లు, వీధుల్లో ప్రొటీన్ పొడితో షేక్ కలిపిచ్చే న్యూట్రిషన్ క్లబ్బులు. వీటిని తూచడానికి ఒకటే కాటా. మొదటిరోజు మీ బరువుతోపాటు మందుల చీటీ కూడా అడిగారా, లేదా?

ఎందుకంటే అన్నం సగానికి తగ్గించి షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రను అలాగే మింగితే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ కూడా వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమటలే గుర్తు. వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ షుగరు చూసుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్ (షుగరును మూత్రంలో పంపేసే మాత్ర) వాడేవాళ్లకు అన్నం పూర్తిగా మాన్పించే చార్టు ఇంకా ప్రమాదం. మీటర్లో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) పేరుకుని వాంతులు, ఆయాసం మొదలవ్వచ్చు. ఉప్పు తగ్గించమని ‘లో సోడియం’ ప్యాకెట్టు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం. పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఈ లెక్కలో ఆస్పత్రి డైటీషియనే మేలు. రక్తపరీక్షలు చూస్తారు, అనుమానమొస్తే మాత్ర మార్చే డాక్టరు పక్కగదిలోనే ఉంటారు. లోపం అచ్చేసిన చార్టు. పొద్దున ఓట్స్, రాత్రి రెండు పుల్కాలు అని ఉంటుంది గానీ ఆవకాయ ఊసే ఉండదు. అది ఇక్కడి మనిషికి రాసిన చార్టు కాదు. కాబట్టి మీ ఇంటి గ్లాసు, గరిటె పట్టుకెళ్లి వాటితోనే కొలత చెప్పించుకోండి. వంద గ్రాముల బియ్యం ఉడికితే ఇంచుమించు మూడు వందల గ్రాముల అన్నం, 350 కేలరీలు. అంతకన్నా కంటికి కనపడనిది నూనె: ఒక్క పెద్ద చెంచాకు 120 కేలరీలు. తలకు నెలకు అర లీటరు దాటకుండా చూసుకోవాలి. ఫీజు ఏ విజిట్‌కా విజిట్ కట్టండి. అసలు పని రెండు వారాల తర్వాత షుగరు, బీపీ రాసిన పుస్తకంతో వెళ్లే రెండో విజిట్‌లో జరుగుతుంది.

స్లిమ్మింగ్ సెంటర్ల గురించి ఎక్కువ అక్కర్లేదు. నెలకు పది కిలోలన్నవాళ్ల దగ్గర ఆగొద్దు. వారానికి అర కిలో నుంచి కిలో చాలు. బెల్టు కట్టి చెమట పట్టిస్తే పోయేది నీరే. గుండె బలహీనమైనవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది: మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. డైటీషియన్‌కు కాదు, కార్డియాలజిస్టుకు ఫోన్ చేయాలి.

షేక్ క్లబ్బులకు ఒక్క మార్కు వేయాలి. నిన్న రాలేదేమని అడిగే మనుషులు అక్కడే ఉంటారు. ఆస్పత్రిలో ఆ పలకరింపు దొరకదు. కానీ కొన్ని పొడుల్లో విటమిన్ కె ఉంటుంది. వాల్వు మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడేవాళ్లకు రక్తం పలచబడే లెక్క దాంతో తప్పుతుంది. కిడ్నీ జబ్బుంటే డబ్బాలోని ప్రొటీన్ కూడా భారమే. ఆ తోడు కావాలనుకుంటే షేక్ వదిలేసి, అక్కడి స్నేహితులను బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియానికి నడకకు పిలవండి.

నేల చదును కాబట్టి మొదటి నెలల్లో ఇంద్రకీలాద్రి మెట్లకన్నా అదే నయం. జిమ్ ట్రైనర్ 220లోంచి వయసు తీసేసి నాడి లెక్క చెబితే వినొద్దు. మెటోప్రొలాల్ మీద నాడి అంత పెరగదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ వేగం. ఎండాకాలం పొద్దున ఏడుకల్లా ఇంటికి చేరండి. ప్రభుత్వ వేడుకల ఏర్పాట్లప్పుడు స్టేడియంలోకి రానివ్వకపోవచ్చు, ఇంకో చోటు చూసి పెట్టుకోండి.